పేపరు ఇంకా కొంటున్నారా? కొంటున్నారు, వేసేవాళ్లే దొరకడం లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ మండల కేంద్రంలో ఎన్నో ఏళ్లుగా పేపర్ ఏజెన్సీ చేస్తున్న పెద్దాయన ఓపిక లేక వదిలేస్తున్నారు, మిమ్మల్ని తీసుకోమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో అన్ని వార్తలూ ఫోన్లోనే వస్తుంటే ఇప్పుడు పేపరు ఎవరు కొంటారు, పేపరు కంపెనీకి కట్టే డిపాజిట్ డబ్బులు నీళ్లపాలు చేసుకోకు అంటున్నారు. కొనేవాళ్లు నిజంగా ఉన్నారా, ఏజెన్సీ తీసుకోవచ్చా అని అడిగారు.

నేను నూజివీడు వైపు ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. కొనేవాళ్లు ఉన్నారు. తగ్గారు, కానీ మీ ఇంట్లోవాళ్లు అనుకునేంతగా తగ్గలేదు. ఏజెన్సీ తీసుకోవచ్చు, కాకపోతే దాని మీదే ఇల్లు గడుస్తుందని మాత్రం తీసుకోకండి. పొద్దున్నే నాలుగు గంటల పని, తర్వాత రోజంతా వేరే ఏదైనా చేసుకునే వీలు ఉంటేనే ముందుకు వెళ్లండి. ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. ఈ పనిలో అసలు కష్టం చదివేవాళ్లు లేకపోవడం కాదు. పొద్దున నాలుగున్నరకు లేచి సైకిలో బండో వేసుకుని గుమ్మం ముందు పేపరు వేసే కుర్రాడు దొరకడమే కష్టం.

ముందు దేశం లెక్క చూద్దాం. కాపీల అమ్మకాలను తనిఖీ చేసే ఏబీసీ అనే సంస్థ 1948 నుంచి ఉంది, ఆర్నెల్లకోసారి అంకెలు ఇస్తుంది. 2025 జనవరి నుంచి జూన్ వరకు ఆ సంస్థలో సభ్యులైన దినపత్రికలన్నీ కలిపి రోజుకు సగటున సుమారు 2.97 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. దానికి ముందు ఆర్నెల్లలో ఆ అంకె 2.89 కోట్లు. అంటే కాస్త పెరిగింది. ఇది అన్ని భాషలదీ కలిపిన లెక్క, పైగా సభ్యులు కాని పేపర్లు ఇందులో ఉండవు, కాబట్టి మీ ఊరికీ నా ఊరికీ దీన్ని అలాగే అన్వయించుకోలేం. కానీ పేపరు చచ్చిపోయింది అనేవాళ్లకు ఈ ఒక్క అంకె చూపించవచ్చు.

ఇంకో సంగతి. పేపర్లు మూతపడటం ఫోన్లతో మొదలైనది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. దాసరి నారాయణరావు గారు 1984లో పెట్టిన ఉదయం 1995లో పోయింది. అప్పటికి ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ లేదు. ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి 2002లో మళ్లీ వచ్చి నిలబడింది. సాక్షి 2008లో ఒకే రోజు 23 ఎడిషన్లతో, పేజీలన్నీ రంగుల్లో వచ్చింది. పేపరు నిలవడానికీ పోవడానికీ పెట్టుబడి, కాగితం ధర, పంపిణీ, ప్రకటనలు ఇలా సవాలక్ష కారణాలుంటాయి. చదివేవాడు ఫోన్ పట్టుకోవడం అందులో ఒకటి మాత్రమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎవరు వేయించుకుంటున్నారు?

మొదటి వర్గం మీకు తెలిసిందే, యాభై దాటినవాళ్లు. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, రైతులు. వీళ్లకు కాఫీతో పాటు పేపరు ఉండాలి, ఆరున్నర దాటితే ఫోన్ వస్తుంది. వీళ్లలో చాలామంది దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది, వాట్సాప్‌లో పొద్దున్నే ఎవరో ఒకరు పీడీఎఫ్ కూడా పంపిస్తారు. అయినా మానరు. ఎందుకంటే మెయిన్ పేపరుతో పాటు వచ్చే జిల్లా పేపరు చిన్న తెర మీద చదవడం కళ్లకు శ్రమ, పైగా ఫోన్లో ఏది నిజమో ఏది ఎవరో అల్లిందో తెలియడం లేదని వాళ్లే చెబుతారు. మా లైన్లో, అంటే ఒక మనిషి తిరిగి పేపరు వేసే వీధుల్లో, ఒకాయన ఫోన్లో చూసిన ప్రతి వార్తనూ మర్నాడు పేపర్లో వచ్చిందో లేదో చూసి, వస్తేనే నమ్ముతారు. ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

రెండో వర్గం గురించి ఎవరూ మాట్లాడరు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే నా దగ్గర కాపీలు పెరుగుతాయి, పరీక్ష అయిపోగానే తగ్గుతాయి. నలుగురు కుర్రాళ్లు ఒక గది అద్దెకు తీసుకుని ఉంటే అందరికీ కలిపి ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లిష్ పేపరు వేయించుకుంటారు. ఎడిటోరియల్ పేజీ, చదువుల పేజీ కత్తిరించి పుస్తకంలో అంటించుకుంటారు. ఫోన్ తీస్తే రీల్స్‌లోకి వెళ్లిపోతున్నాం అన్నా, అందుకే పేపరు అని ఒకబ్బాయి నాతో అన్నాడు. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే ఒక ఉదయం వెళ్లి చూడండి, పేపర్ల బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో గమనించండి. మీ మార్కెట్ సగం అక్కడే తెలిసిపోతుంది.

మూడోది అవసరం కొద్దీ కొనేవాళ్లు. బ్యాంకు ఒక ఆస్తిని స్వాధీనం చేసుకుంటే ఆ నోటీసును రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలని రూలు ఉంది. కోర్టు సమన్లు అందని మనిషికి పేపర్లో ప్రకటన ద్వారా తెలియజేసే పద్ధతి ఉంది. పొలం కొనేముందు అభ్యంతరాలుంటే చెప్పండి అని లాయరు ప్రకటన ఇప్పిస్తాడు. ఇవన్నీ పడ్డ రోజు ఆ కాపీలు కావాలి, పీడీఎఫ్ పనికిరాదు, ఫైల్లో పెట్టడానికి అసలు కాగితమే కావాలి. అలాగే శ్రద్ధాంజలి ప్రకటన వేయించినవాళ్లు బంధువులకు పంచడానికి పది ఇరవై కాపీలు ముందు రోజు రాత్రే చెప్పి ఉంచుతారు.

నాలుగోది, అన్నింటికంటే బలమైనది, జిల్లా పేపరు. రాష్ట్ర వార్త, దేశం వార్త రాత్రే టీవీలో చూసేశారు. మన ఊరి కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎవరింట్లో దొంగలు పడ్డారు, ఎవరి అబ్బాయికి ర్యాంకు వచ్చింది, రేపు కరెంటు ఎప్పుడు పోతుంది అనేది ఇప్పటికీ ఆ చిన్న పేపర్లోనే ఒక్కచోట దొరుకుతుంది. దీని విలువ నాకు 2022 ఏప్రిల్‌లో బాగా తెలిసింది. జిల్లాలను పదమూడు నుంచి ఇరవై ఆరు చేసినప్పుడు మా నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. దాంతో జిల్లా పేజీలు కూడా మారిపోయాయి. మా వాళ్లకు పనులన్నీ బెజవాడలో, ఆస్పత్రికి బెజవాడ, పిల్లల కాలేజీలు బెజవాడ. పేపర్లోనేమో జంగారెడ్డిగూడెం వార్తలు. ఆ నెలంతా నాకు ఒకటే ఫోన్లు, మాకు బెజవాడ పేపరే వేయండి అని. మెయిన్ పేపరు గురించి ఎవరూ నోరెత్తలేదు, గొడవంతా ఆ జిల్లా పేజీల కోసమే. కొంతమంది ఆ కోపంతో పేపరే మార్చేశారు. మీ మండలం జిల్లా అంచున ఉంటే ఈ విషయం కంపెనీలో పంపిణీ చూసే సర్క్యులేషన్ ఇన్‌చార్జితో ముందే మాట్లాడుకోండి.

ఇక పార్టీ సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్లలో పేపరు ఎంపిక రాజకీయ అభిమానాన్ని బట్టే ఉంటుంది. ప్రభుత్వం మారితే కొన్ని ఇళ్లలో పేపరు మారుతుంది. రెండు వైపులా ఏం రాస్తున్నారో చూడాలని రెండు పేపర్లు వేయించుకునేవాళ్లూ ఉన్నారు, నాకు బాగా ఇష్టమైన ఖాతాదారులు వాళ్లే. మీరు ఏజెంటు అయ్యాక మీ అభిమానం మీ దగ్గరే ఉంచుకోండి. ఏ ఇంట్లో ఏ పేపరు అడిగితే అది, మాట్లాడకుండా వేయాలి.

మరి ఎక్కడ తగ్గింది? విడిగా అమ్మకం. బస్టాండులో, రైల్వే స్టేషన్లో, కిళ్లీ కొట్టు దగ్గర తాడుకు వేలాడదీసి అమ్మేది దాదాపు పోయింది. బస్సు ఎక్కినవాడు ఒకప్పుడు పేపరు కొనుక్కుని ఎక్కేవాడు, ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాడు. పదో తరగతి, ఇంటర్ రిజల్ట్స్ రోజున హాల్ టికెట్ నంబర్ల కోసం పేపరు కోసం కొట్టుకునే రోజులు మీ వయసువాళ్లకు తెలియవేమో, అది ఇంటర్నెట్ వచ్చాక పూర్తిగా ఆగిపోయింది. మంగలి షాపుల్లో, టీ హోటళ్లలో ఒక్కో చోట రెండేసి పేపర్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటి ఉంటే గొప్ప. విడి అమ్మకం మళ్లీ కనిపించేది పెద్ద రోజుల్లోనే. 2024 జూన్ 5న, అంటే ఎన్నికల ఫలితాల మర్నాడు, ఎనిమిది గంటలకల్లా నా దగ్గర ఒక్క కాపీ లేదు. అదే నెల 8న రామోజీరావు గారు పోయినప్పుడు మర్నాడు కూడా అంతే, దాచుకోవడానికి అడిగారు. 1974లో విశాఖలో ఈనాడు మొదలైనప్పటి నుంచి చదువుతున్నామని చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

రెండో పెద్ద దెబ్బ కరోనా. 2020 మార్చిలో పేపరు ముట్టుకుంటే జబ్బు వస్తుందన్న భయంతో జనం రాత్రికి రాత్రి ఆపేశారు. చాలామంది తర్వాత తిరిగి వచ్చారు, కానీ అప్పటికే మానేద్దామా అనుకుంటున్నవాళ్లకు అది ఒక సాకు అయింది, వాళ్లు రాలేదు. ఆ వెనకే 2022లో యుక్రెయిన్ యుద్ధంతో కాగితం ధర మండిపోయింది. మన దేశంలో వాడే న్యూస్‌ప్రింట్‌లో పెద్ద భాగం దిగుమతే. పేజీలు తగ్గాయి, ధర పెరిగింది. డబ్బులు ఎక్కువ తీసుకుని పేజీలు తక్కువ ఇస్తారా అని నన్ను నిలదీసినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది.

ప్రభుత్వం వల్ల పెరిగి తగ్గిన కాపీలు కూడా ఉన్నాయి. 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చారు. దాని మీద కోర్టు దాకా వివాదం వెళ్లింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ డబ్బు ఆగింది. కాబట్టి ఆ పెద్దాయన మీకు పాత లెక్కల పుస్తకం చూపిస్తే ఆ రెండేళ్ల అంకెలు చూసి మురిసిపోకండి, ఈ నెల బిల్లు అడగండి.

ఇప్పుడు డబ్బు. పేపర్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి కమిషన్ మారుతుంది. నా అనుభవంలో ఖర్చులు పోకముందు కాపీకి రూపాయిన్నర నుంచి రెండు రూపాయల మధ్య మిగులుతుంది. మూడు వందల కాపీలున్నాయనుకోండి, రూపాయి ముప్పావు చొప్పున రోజుకు 525, నెలకు పదిహేను వేల పైచిలుకు. మూడు లైన్లు అవుతాయి. లైనుకు ఒక కుర్రాడు, ఒక్కొక్కరికి మూడు వేలు. ఒక లైన్ మీరే తిరిగితే ఇద్దరికి ఆరు వేలు పోయి తొమ్మిది వేల చిల్లర. అందులో పెట్రోలు, వసూలు కాని బాకీలు తీసేస్తే ఎనిమిది వేల దగ్గర తేలుతుంది. కరపత్రాలు పెట్టే సీజన్లో, అంటే స్కూళ్లు తెరిచేముందు, దసరా, సంక్రాంతి ముందు ఇంకో వెయ్యో రెండు వేలో కలుస్తుంది. ఇదీ నిజమైన చిత్రం. ఇంతకంటే ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబితే కాగితం మీద వేసి చూపించమనండి.

పల్లెటూరి లైన్లతో జాగ్రత్త. ఆరు కిలోమీటర్ల అవతల ఊళ్లో పది కాపీలుంటే పెట్రోలుకే సరిపోదు. అలాంటి చోట పాలకేంద్రం దగ్గరో కిరాణా కొట్టులోనో కట్ట ఇచ్చి, అక్కడి మనిషికి కాపీకి ఇంత అని ఇవ్వడమే మార్గం. పాల కోసం ఎలాగూ అందరూ వస్తారు.

కుర్రాళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాపీలు పోయేది ఇక్కడే. ఒకప్పుడు తొమ్మిది, పది చదివే పిల్లలు, ఇంటర్ పిల్లలు పొద్దున్నే పేపర్ వేసి, ఆ డబ్బుతో ఫీజు కట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఇంటర్ పిల్లలంతా హాస్టళ్లలో ఉంటున్నారు. ఇంటి దగ్గర ఉన్నవాడికి పొద్దున ఆరింటికే స్టడీ అవర్ అంటున్నారు. కాస్త పెద్ద కుర్రాళ్లకు బెజవాడలో డెలివరీ పనులు దొరుకుతున్నాయి, అక్కడ వచ్చేదాంతో పోలిస్తే మన మూడు వేలు ఎందుకు? కుర్రాడు రెండు రోజులు రాకపోతే ఆ లైన్లో టెన్షన్ మొదలవుతుంది. ఎనిమిదింటికి వచ్చిన పేపరు ఎవరికీ అక్కర్లేదు. వారం ఆలస్యమైతే, బాబూ వచ్చే నెల నుంచి ఆపేయ్ అంటారు. ఆపేసినవాళ్ల కారణాలు నేను అడుగుతూ ఉంటాను. ఫోన్లో చూస్తున్నాం అన్నవాళ్లకంటే, టైముకు రావడం లేదు, వానలో తడిసి వస్తోంది, మూడో అంతస్తుకు తేకుండా వాచ్‌మన్ దగ్గర పడేస్తున్నారు అన్నవాళ్లే ఎక్కువ. ఇది నా లైన్ల అనుభవం, మీ దగ్గర వేరుగా ఉండొచ్చు. కానీ టైముకు, పొడిగా, గుమ్మం దగ్గర వేసిన ఇల్లు అంత తేలిగ్గా పేపరు మానదు.

నేను ఇప్పుడు పాలప్యాకెట్లు వేసేవాళ్లతోనే పేపర్లు వేయిస్తున్నాను. వాళ్లు ఎలాగూ అదే టైముకు అదే వీధిలో తిరుగుతారు. ఇంటి పని కాస్త తేలిక ఉన్న ఆడవాళ్లు ఇద్దరు స్కూటీ మీద రెండు లైన్లు చూస్తున్నారు, కుర్రాళ్లకంటే నమ్మకంగా చేస్తున్నారు, బాకీలు కూడా వాళ్లే బాగా వసూలు చేస్తారు. పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒకసారి నాలుగింటికి వచ్చి చూడాలి. వ్యాను మెయిన్ పేపర్ల కట్టలు ఒకవైపు, జిల్లా పేపర్ల కట్టలు ఒకవైపు దించి వెళ్లిపోతుంది. దుకాణం అరుగు మీద కూర్చుని ఒక్కొక్క మెయిన్ తెరిచి మధ్యలో జిల్లా పేపరు, దాంట్లో కరపత్రం దూర్చాలి. ఆదివారమైతే పుస్తకం కూడా. చేతులు సిరాతో నల్లబడతాయి. ఒక్క జిల్లా పేపరు పెట్టడం మరిస్తే ఏడింటికల్లా ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. కొన్ని పండగలు తప్ప ఏడాదంతా ఇదే, పెళ్లికి వెళ్లినా రాత్రికి తిరిగి రావాలి. మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సింది ఈ విషయం.

బాకీల గురించి. నెల మొదటి వారంలోనే వసూలు చేయండి, ఇప్పుడు ఫోన్‌పే ఉంది కాబట్టి మెసేజ్ పెడితే సగంమంది ఆ రోజే వేస్తారు. ఇళ్లు పర్వాలేదు, ఆఫీసులతోనే ఇబ్బంది. ఒక ఆఫీసులో నా బిల్లు నెలల తరబడి టేబుల్ మారుతూ తిరిగింది, కంపెనీకి మాత్రం నేను ఠంచనుగా కట్టాల్సి వచ్చింది. అలాంటి కాపీలు మొత్తంలో పదో వంతు మించకుండా చూసుకోండి. ఏడాది చందా ముందే కట్టించుకుని బహుమతి ఇచ్చే స్కీములు వస్తుంటాయి. అందులో మీ కమిషన్ నెలనెలా ఎలా జమ అవుతుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే ఇళ్లకు వెళ్లి చేర్పించండి, లేకపోతే ఏడాదంతా ఊరికే మోయాల్సి వస్తుంది.

ఒక చిన్న లాభం కూడా చెబుతాను, ఖాతాదారులకు నేను ఇది చెప్పి నిలబెట్టుకుంటాను. నెల పేపర్లు తూకం వేస్తే మూడు కిలోలు అటూ ఇటూ ఉంటాయి. మా వైపు మామిడి సీజన్లో రసాలకూ బంగినపల్లికీ ట్రేల అడుగున పాత పేపర్లే పరుస్తారు, ఆ రెండు మూడు నెలలు పాత పేపరుకు మంచి గిరాకీ. రెండు వందల పైచిలుకు చందాలో నలభై యాభై అలా వెనక్కి వస్తుందంటే ఇంటి ఇల్లాలు ఆపేయమనదు. బజ్జీల పొట్లాలకు మాత్రం ఇవ్వొద్దని చెబుతాను, ఆ సిరా కడుపులోకి వెళ్లకూడదు.

కాబట్టి మీరు చేయాల్సింది: డబ్బు కట్టకముందు ఆ పెద్దాయనతో ఒక వారం అన్ని లైన్లూ తిరగండి. పుస్తకంలో ఉన్న కాపీలు ఎన్ని, నిజంగా గుమ్మం ముందు పడుతున్నవి ఎన్ని, నెలనెలా డబ్బు ఇస్తున్న ఇళ్లు ఎన్ని, ఈ మూడూ వేరువేరుగా రాసుకోండి. పాత బాకీలు మీ నెత్తిన పడకుండా ఆయన పేరు మీదే తేల్చేయమనండి. లైన్ కుర్రాళ్లు మీతో ఉంటారో ఆయనతో పాటే మానేస్తారో వాళ్లనే అడగండి. వాళ్లు ఉంటామంటే సగం దిగులు తీరినట్టే. ఆ మూడు అంకెలు, కంపెనీ అడుగుతున్న డిపాజిట్ ఎంతో ఇక్కడ రాయండి, మీ ఊరికి గిట్టుబాటు అవుతుందో లేదో లెక్క వేసి చెబుతాను.